పొగగొట్టంలో బాల్యం

ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, స్విట్జర్లాండ్ సరిహద్దుకు చేరువలో విజెత్సో లోయ ఉంది. అక్కడి శాంతా మరియా మజ్జోరే గ్రామంలో పొగగొట్టాలు శుభ్రం చేసేవారి చరిత్రకు అంకితమైన చిన్న మ్యూజియం ఉంది. మసి గీకే ఇనుప పనిముట్లు, బ్రష్షులు, దుస్తులు అందులో కనిపిస్తాయి. అయితే ఈ వృత్తిలో అతిముఖ్యమైన పనిముట్టు ఏ అద్దాల పెట్టెలోనూ ఇమడదు. అది పిల్లవాడి దేహం.

కొండనేల పంట ఏడాది పొడవునా చాలక లోయవాసులు తరతరాలుగా వలసపోయారు. చలికాలానికి ముందు పేద ఇళ్ల పిల్లలు, ఆరేడేళ్లవారు సైతం, యజమాని వెంట లొంబార్డీ మైదానాలకు బయలుదేరేవారు. ఇరుకు గొట్టంలో మోకాళ్లు, మోచేతులు అదిమిపట్టి ఎగబాకుతూ మసి గీకేవారు. పెద్దవారు పట్టని చోట పిల్లవాడు పడతాడు. అదే అతని అర్హత.

ఇంగ్లండులోనూ ఇదే పరిస్థితి. చర్మం మొద్దుబారడానికి పిల్లల మోకాళ్లను ఉప్పునీటితో రుద్దేవారు. వృషణకోశానికి వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో రాశాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యశాస్త్రం గుర్తించడం అదే మొదలు. ఎనిమిదేళ్ల లోపువారిని పనిలో చేర్చుకోరాదని 1788 చట్టం, 21 ఏళ్ల లోపువారు గొట్టాలు ఎక్కరాదని 1840 చట్టం శాసించాయి. పిల్లలకు బదులు వాడదగిన పొడవాటి బ్రష్షును జార్జ్ స్మార్ట్ 1803లోనే రూపొందించాడు. 1828లో జోసెఫ్ గ్లాస్ దాన్ని మెరుగుపరిచాడు.

చట్టమూ ఉంది, పరికరమూ ఉంది. అయినా పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. వంకర గొట్టాలను సరిచేయించడం గృహస్థుకు ఖర్చు, పిల్లవాడు చవక. నిషేధాన్ని పట్టించుకుని అమలుచేసే యంత్రాంగం లేదు.

1875లో కేంబ్రిడ్జ్ సమీపంలోని ఫుల్‌బోర్న్‌లో జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు గొట్టంలో ఇరుక్కుని, బయటికి తీసిన కొద్దిసేపటికే మరణించాడు. ఆ ఏడాదే షాఫ్ట్స్‌బరీ ప్రభువు కృషితో వచ్చిన చట్టం, ఈ వృత్తిలో ఉన్నవారు ఏటా పోలీసుల వద్ద లైసెన్సు పొందాలన్నది. తొలి చట్టానికీ దీనికీ మధ్య 87 ఏళ్లు. అంతకుముందు చట్టాలు నిషేధించి ఊరుకున్నాయి. ఇది అమలు బాధ్యతను ఒకరికి అప్పగించింది.

విజెత్సో లోయలో ఈ కథ 20వ శతాబ్దంలోనూ సాగింది. గొట్టం పైకొసకు చేరి, విద్యుత్ తీగ తగిలి మరణించిన ఫౌస్తీనో కప్పీని అనే బాలుడి స్మారకం పక్కనున్న మాలెస్కో గ్రామంలో ఉంది. నేడు ఏటా సెప్టెంబరులో వివిధ దేశాల పొగగొట్టాల కార్మికులు ఈ లోయకు వచ్చి ఊరేగుతారు. ఆ పండుగ వెనుక ఉన్న బాల్యాన్ని మరవనివ్వకపోవడమే ఈ చిన్న మ్యూజియం చేస్తున్న పెద్ద పని.