హీలా నది ప్రత్యామ్నాయ మార్గం

హీలా నది ప్రత్యామ్నాయ మార్గం అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో కాంటినెంటల్ డివైడ్ ట్రెయిల్ అనే సుదీర్ఘ కాలిబాట నుంచి చీలి, నదీలోయ గుండా సాగి, మళ్లీ అదే బాటలో కలిసే నడకదారి. అమెరికా కాంగ్రెస్ 1978లో గుర్తించిన ప్రధాన బాట పొడవు సుమారు 5,000 కిలోమీటర్లు. ఇక్కడ అది బ్లాక్ రేంజ్ కొండల మీదుగా పోతుంది; అక్కడ నీళ్లు అరుదు. నది వెంట నీటికి కొరత లేదు, దూరమూ తక్కువే. అందుకే చాలామంది ఈ దారి పడతారు. 1924లో ఏర్పడిన హీలా రక్షిత వన్యప్రాంతం, 13వ శతాబ్దపు మొగొయోన్ ప్రజల కొండగుహల ఇళ్లు ఈ దారిలోని అపురూప సంపద.

ప్రణాళికలో అసలు లెక్క నదిదే. మిడిల్ ఫోర్క్ అనే దాని పాయను పదుల సార్లు దాటాలి. వసంతంలో మంచు కరిగితే ప్రవాహం పెరుగుతుంది. వేసవి చివరి వానలకు మెరుపు వరదలొస్తాయి. దాటేవారు బూట్లు విప్పరు. చేతికర్రతో అడుగు తడిమి చూస్తారు, పడితే మూట వదిలించుకోవడానికి నడుము పట్టీ ముందే విప్పుతారు. రోజుకు నడిచే దూరం ఇలా నది దాటడం వల్ల తగ్గుతుంది కాబట్టి తిండి అదనంగా మోయాలి. నదితో పాటు మంటల ముప్పునూ లెక్కలో ఉంచుకోవాలి: 2022లో బ్లాక్ ఫైర్ అనే కార్చిచ్చు ఈ ప్రాంతంలో 1.3 లక్షల హెక్టార్లను కాల్చింది.