బంతి త్రిప్పిన వ్రేళ్ల చేవ్రాలు

విజయనగర ప్రభువుల తామ్రశాసనములలో దానవివరమంతయు నందినాగరి లిపిలో సాగి, కట్టకడపట తెలుగు కన్నడములకు ఉమ్మడియైన పెద్ద యక్షరములతో ‘శ్రీ విరూపాక్ష’ యను రాజుగారి యొప్పుదల కానవచ్చును. చెక్కినది శిల్పి యులియే యైనను, ఆ అక్షరములు లేనిదే ఆ రేకునకు ప్రామాణ్యము లేదు. మా ఉదయగిరి దుర్గమును చిరకాలము ముట్టడించి 1514లో గజపతులనుండి గైకొన్న కృష్ణదేవరాయల శాసనములకును ఇదియే ముగింపు. నెల్లూరు మండల శాసనములను, అందు ఉదయగిరి, ఆత్మకూరు సీమలవానిని సైతము, బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గారలు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. గొప్పవాని చేతిగుర్తును భద్రపరచుకొను అలవాటు మా మెట్టసీమకు క్రొత్త కాదని చెప్పుటకే ఇంత ప్రస్తావన.

అయితే శాసనమును దాచుకొన్నవాడు భూమికొరకు దాచుకొనెను. ఏ ఫలమును ఆశింపక, కేవలము అభిమానముచేత ఒకరి సంతకమును కోరుట వేరు చరిత్ర. పదునారవ శతాబ్దమున జర్మనీ దేశపు విటెన్‌బర్గ్ విద్యార్థులు చిన్న పుస్తకములు చేతబట్టుకొని, లూథర్, మెలాంక్‌థాన్ వంటి ఆచార్యులచేత నాలుగు మాటలు వ్రాయించుకొనుచుండిరి. ఆ యాచారమే తరతరములుగా మారుచు, గులాబి, లేతనీలము, లేతపసుపు కాగితములు గల అరచేతి వెడల్పు ఆటోగ్రాఫ్ పుస్తకమై, ఆంగ్లవిద్యతోపాటు మన పాఠశాలలకును వచ్చి చేరినది.

క్రికెట్ ఆటగాండ్ర సంతకములును అట్టి పుస్తకములకెక్కెను. 1933-34లో జార్డిన్ నాయకత్వమున ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు మన దేశమునకు వచ్చినది. మన క్రికెట్ ఆటగాడు విజయ్ మర్చంట్ సోదరి లక్ష్మి తన పుస్తకమును మహాత్మా గాంధీకి అందీయగా, ఆయన పుటలు త్రిప్పి, ఆ జట్టువారి పదునారు సంతకములున్న పుటను ఎన్నుకొని, వారి క్రింద పదునేడవ పేరుగా తన పేరు వ్రాసెను. హరిజన నిధికై సంతకమునకు అయిదు రూపాయలు పుచ్చుకొనుచుండిన మహనీయుడాయన. ఆ పుటకు వెల కట్టుట ఎవరి తరము?

ఆ జట్టే 1934 ఫిబ్రవరిలో చెన్నపురి చేపాకమున ఆడిన టెస్టులో ఎడమచేతి స్పిన్నర్ హెడ్లీ వెరిటీ 11 వికెట్లు పడగొట్టగా, మన అమర్ సింగ్ ఒక్క ఇన్నింగ్సులోనే 86 పరుగులకు 7 వికెట్లు తీసెను. అమర్ సింగ్ 1940లోను, యుద్ధమున గాయపడి ఇటలీలో వెరిటీ 1943లోను నడివయసు రాకముందే గతించిరి. నాడు సంతకము చేయించుకొన్నవారే ధన్యులు.

బౌలరు సంతకమును బ్యాట్స్‌మన్ సంతకముకంటె నేనెక్కువగా ఎంచుటకు కారణమున్నది. బ్యాట్స్‌మన్ చేతికి తొడుగు కలదు. అతడు కఱ్ఱను పట్టుకొనునే గాని బంతిని స్పృశింపడు. బౌలరో, వట్టి చర్మముతో బంతి కుట్టును తడవి, అదిమి, త్రిప్పి వదలవలెను. లెగ్ స్పిన్నర్ విషయమున ఇది మఱింత స్పష్టము: చూపుడువ్రేలును నడిమివ్రేలును కుట్టునకు అడ్డముగా పఱచి, ముడిచిన ఉంగరపువ్రేలిని కుట్టు వెంబడి ఆనించి, మణికట్టు విదల్చుచు బంతిని విడువగా, భారమంతయు ఆ ఉంగరపువ్రేలి ప్రక్కనే పడును. దినమంతయు బౌలింగు చేసినవానికి అచ్చట చర్మము కమిలి, ఒక్కొక్కప్పుడు చిట్లును. సాయంకాలము కలము పట్టునది ఆ చేయియే.

ఈ శ్రమకు పరమావధిని చూపినవాడు తెలుగు కుటుంబమున నాగపూరులో జన్మించిన సి.ఎస్. నాయుడు. భారతదేశపు తొలి టెస్టు నాయకుడైన సి.కె. నాయుడుగారి తమ్ముడీతడు. 1944-45 రంజీ ట్రోఫీ తుదిపోటీలో హోల్కర్ పక్షమున బొంబాయిపై రెండు ఇన్నింగ్సులలో కలిపి 917 బంతులు వేసి, 428 పరుగులిచ్చి, 11 వికెట్లు తీసెను. ఫస్టుక్లాసు క్రికెట్టులో ఒక ఆటలో అన్ని బంతులు వేసినవాడు వేరొకడు లేడు. ఆ ఆటలో హోల్కర్ ఓడినది. టెస్టులలో ఆయనకు దక్కినవి రెండు వికెట్లే. అయినను లెక్కలు చూచి అభిమానించువాడు అభిమానియే కాడు. ఓడిపోవుచున్న జట్టుకొఱకు 917 సారులు పరుగెత్తి వచ్చి చేయి త్రిప్పినవాని సంతకము దొరకినచో, నేను దానిని శతకవీరుల సంతకములకన్న ముందు పుటలో నుంచుదును.

మా ప్రాంతపు అభిమానులకు చేపాకము సులభముగా అందునది కాదు. బస్సులో నెల్లూరికి, అచ్చటనుండి రైలులో చెన్నపురికి చేరుకొని, ఆట ముగిసిన పిదప ఆటగాండ్రు వెలుపలికి వచ్చు ద్వారముకడ నిలువవలసియుండెను. పోలేనివారు తిరుగుటపాకు తపాలాబిళ్ల అంటించిన కవరు జతచేసి జాబు వ్రాసి, టపావాని రాకకు ఎదురుచూచుచుండిరి.

ఉదయగిరి, ఆత్మకూరుల పాత యిండ్లలో తాతల పెట్టెలయందు ఇట్టి పుస్తకములు ఇంకను ఉన్నచో, ప్రతి పుట వెనుకను ఎవరి సంతకము, ఏ యూరు, ఏ ఆట, ఏ సంవత్సరము అనునవి మెత్తని పెన్సిలుతో ఇప్పుడే వ్రాసియుంచవలెను; సిరాతో వ్రాసినచో అది ఆవలి ప్రక్కకు ఊరును. సంతకము చేయించిన ఎఱ్ఱబంతిని ఎండ తగులుచోట పెట్టరాదు, మెఱుపుకై తుడువరాదు. తాతలు జీవించియున్నచో, పెన్సిలు పట్టుటకు ముందు వారినే అడుగుడు.