దూరదేశపు సాక్షులు



కంచెయే చేను మేసినచో కాపు ఎవరితో మొరపెట్టుకొనవలెను? ఇది మన పెద్దల సామెతలోని ప్రశ్న. పూర్వము గ్రామమున దొంగతనము జరిగినచో ప్రజలు మునసబు కడకు పోవుచుండిరి. మునసబే తప్పు చేసినచో తాసీల్దారు కడకు, ఆ పైన కలెక్టరు కడకు, తుదకు న్యాయస్థానమునకు పోవుచుండిరి. ఎక్కడనో యొకచోట వినువాడుండునను నమ్మకమే మొరకు మూలము. కాని రాజే దోపిడికాడై, కొలువువారందరును అందు పాలుగొన్నవారై, దేశము దాటిపోవు ప్రతి యోడయు వారి కనుసన్నలలోనే కదలుచున్నప్పుడు ఆ ప్రజల మొర వినువాడెవడు?

ఈ ప్రశ్నకు సముద్రమున కావలనుండి కొందరు చెప్పిన సమాధానమే నేటి నా ప్రసంగవిషయము. ఆఫ్రికా ఖండమునందలి కాంగో ప్రజలకొరకు ఇంగ్లండు దేశమున లివర్‌పూలు పట్టణమందు 1904వ సంవత్సరమున నేర్పడిన కాంగో సంస్కరణ సంఘపు చరిత్ర యిది. పరదేశమునుండి మానవహక్కులకై పాటుపడు స్వతంత్రసంఘములు నేడు పెక్కు గలవు. వానికి ముందు నడచి బాట వేసినవానిలో నిది ముఖ్యమైనది.

నేను ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో చరిత్రయు భూగోళమును బోధించితిని. ఆఫ్రికా పటమును గోడకు తగిలించి, చేతిపుల్లతో కాంగో నదిని చూపి, ఇది భూమధ్యరేఖను రెండుమారులు దాటు మహానదియని పిల్లలచేత వల్లె వేయించితిని. ఆ నదీతీరమున మనుష్యులేమైరో యొక్కనాడును చెప్పలేదు. పుస్తకమున లేదు, నాకును తెలియదు. పదవీవిరమణ చేసిన పిమ్మట చదివి తెలిసికొంటిని. నా శిష్యులకు పడిన యా బాకీని నేడు వారి తల్లిదండ్రులకును తాతలకును చెల్లించుచున్నాను.

1884వ సంవత్సరాంతమున బెర్లిను నగరమున ఐరోపా రాజ్యముల ప్రతినిధులు సభ తీర్చి, ఆఫ్రికా వర్తకమును గూర్చియు, అచ్చటి భూముల నాక్రమించుకొను పద్ధతిని గూర్చియు చర్చించిరి. ఆ సభలో ఆఫ్రికావాడొక్కడును లేడు. బెల్జియము రాజగు రెండవ లియోపోల్డు మిక్కిలి చతురుడు. బానిసల వ్యాపారము నణచెదననియు, నాగరకతను వ్యాపింపజేసెదననియు, అన్ని దేశముల వర్తకులకును తలుపులు తెరచెదననియు నమ్మబలికి, 1885లో కాంగోకు ప్రభువయ్యెను. అది బెల్జియము దేశమునకు దక్కిన సీమ కాదు; ఆ రాజొక్కని సొంత జమీ. బెల్జియముకంటె డెబ్బది రెట్లకు పైగా పెద్దది. దానికి ‘కాంగో స్వతంత్ర రాజ్యము’ అని పేరిడిరి. లియోపోల్డు తన జీవితమున నొక్కమారైనను ఆ నేలపై కాలు మోపలేదు.

మొదట వానికి గావలసినది ఏనుగు దంతము, పిమ్మట రబ్బరు. 1888లో డన్‌లపు అను పశువైద్యుడు వాడుకకు అనువైన గాలి నింపిన టైరును రూపొందించెను. సైకిళ్లకును, తరువాత మోటారుబండ్లకును టైర్లు కావలసివచ్చి రబ్బరు ధర పైపైకి పోయెను. కాంగో యడవులలో రబ్బరు తీగలు విస్తారము. ఆ తీగలకు గంట్లు పెట్టి, పాలు కార్చి, గడ్డకట్టించి, మోసికొని వచ్చుట చాల శ్రమతో గూడిన పని. కూలి యిచ్చినచో లాభము తగ్గును. కావున వెట్టి పెట్టిరి.

వెట్టియన నేమో మన పల్లెల పెద్దలకు వివరింప బనిలేదు. అయితే ఆ వెట్టి పద్ధతి వినుడు. సైనికులు ఊరిపై బడి స్త్రీలను పట్టుకొని బందీలుగా నుంచుదురు. మగవారు అడవికి బోయి, నియమించిన తూకము రబ్బరు తెచ్చువరకు వారిని విడువరు. తూకము తగ్గినవానిని నీటిగుర్రపు తోలు కొరడాతో కొట్టుదురు. ఎదురుతిరిగిన యూరిని తగులబెట్టుదురు. సిపాయిలు తూటాలను వేటకు వాడుకొనకుండుటకై, ఖర్చయిన ప్రతి తూటాకును చంపబడినవాని కుడిచేతిని తెచ్చి లెక్క యొప్పగింపవలెనని పెక్కు తావుల నధికారులు విధించిరి. తూటాను వేటకు వాడిన సిపాయి, లెక్క సరిపెట్టుటకు బ్రతికియున్నవాని చేతినే నరికెను. 1899లో విలియము షెపర్డు అను నల్లజాతి అమెరికను మతప్రచారకుడు ఒక విడిదిలో నిప్పుసెగపై నారవేసిన చేతులను లెక్కించెను. అవి ఎనుబదియొకటి.

ఇట్టివానిని చూచి నోరు విప్పినవారు అంతకు ముందును లేకపోలేదు. 1890లో జార్జి వాషింగ్టన్ విలియమ్స్ అను మరియొక నల్లజాతి అమెరికనుడు కాంగోలో తాను చూచినదానిని లియోపోల్డునకే బహిరంగలేఖగా వ్రాసి ప్రకటించెను. మరుసటి యేట నతడు కాలధర్మము నొందెను, కలకలము చల్లారెను. 1896లో రాజు దేశీయుల రక్షణకని యొక మండలిని నియమించెను. దాని సభ్యులెవ్వరును రబ్బరు సీమలలో నివసించువారు కారు! ఒంటరిగా పలికిన గొంతును మాన్పించుట రాజులకు సులభము. ఆ గొంతులన్నిటిని ఒకచోట జేర్చువాడు కావలసియుండెను.

అట్టివాడు లెక్కలు వ్రాయు గుమాస్తా యగుట విచిత్రము. ఎడ్మండు మోరెల్ లివర్‌పూలులోని యొక యోడల కంపెనీలో ఉద్యోగి. కాంగోకు పోయివచ్చు సరకుల రవాణా ఆ కంపెనీ చేతిలోనిది. మోరెల్ పనిమీద బెల్జియములోని యాంట్‌వర్పు రేవునకు పోవుచుండెను. కాంగోనుండి వచ్చు నోడలలో విలువైన రబ్బరును దంతమును నిండియుండుటయు, తిరిగి పోవు నోడలలో తుపాకులును, తూటాలును, సైనికులును దప్ప కొన్నదానికి బదులుగా నిచ్చు సరకు దాదాపు లేకుండుటయు నతడు గమనించెను. మంచి కరణమునకు ఊరు తిరిగి చూడకయే, చిట్టాయు ఆవర్జాయు చూచినంతనే మోసము తెలియును. జమ యింతయుండి ఖర్చు లేదన్నచో ఆ సరకు కొన్నది కాదు, లాగికొన్నది. కాంగోలో నడచుచున్నది వర్తకము కాదు, బానిసతనమని మోరెల్ రేవున నిలిచియే నిశ్చయించెను. పై యధికారులకు చెప్పెను, వారికి రుచింపలేదు. 1901లో నుద్యోగమును వదలెను. 1903లో సొంతముగా నొక పత్రికను స్థాపించెను. అప్పటికి వాని వయస్సు దాదాపు ముప్పదియేండ్లు.

అదే సంవత్సరము మే నెలలో బ్రిటిషు కామన్సు సభ కాంగో విషయమున నొక తీర్మానము చేసెను. కాంగోలోని బ్రిటిషు కాన్సలు రోజర్ కేస్‌మెంటు విచారణకై నది యెగువకు పయనమయ్యెను. అతడు చేసిన మొదటి పని గమనింపదగినది. ప్రభుత్వపు పడవ నెక్కక, అమెరికను మతప్రచారకుల ఆవిరిపడవను బాడుగకు దీసికొనెను. ఎవని నేరమును విచారింపవలెనో వాని బండి నెక్కరాదు గదా! ఊరూర దిగి, చేతులు పోయినవారిని చూచి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనెను. 1904 ఫిబ్రవరిలో నివేదిక వెలువడెను. ప్రభుత్వమువారు అందలి పేర్లను తొలగించి యక్షరముల గుర్తులను పెట్టిరి. పేరు లేని సాక్ష్యమునకు బలము చాలదని కేస్‌మెంటు మండిపడెను. ఆ తరువాత మోరెల్, కేస్‌మెంటు ఆలోచించుకొని, కేవలము కాంగోకొరకే యొక సంఘముండవలెనని నిశ్చయించిరి. కేస్‌మెంటు తన సొమ్ము నూరు పౌనులు ఇచ్చెను. 1904 మార్చిలో కాంగో సంస్కరణ సంఘము లివర్‌పూలులో మొదటి సభ జరిపెను.

సంఘమునకు సైన్యము లేదు, అధికారము లేదు. దానికున్న ఆయుధము రుజువు. కాంగోలోని మతప్రచారకులును, మనసు విరిగిన యుద్యోగులును రహస్యముగా పంపు నుత్తరములను మోరెల్ తేదీతో, స్థలముతో, పేరుతో సరిచూచి ప్రకటించెను. ఆలిస్ హారిస్ అను మతప్రచారకురాలు 1904లో బరింగ యను తావున నొక ఛాయాచిత్రము తీసెను. న్సాల యను తండ్రి యరుగుపై గూర్చుండి, తన యెదుట నుంచిన చిన్న చేతిని, చిన్న పాదమును చూచుచున్నాడు. రబ్బరు కంపెనీ కావలివారు చంపిన యైదేండ్ల కూతురిలో వానికి మిగిలినవి యవియే. ఆమెయు, ఆమె భర్తయు ఇట్టి చిత్రములను మ్యాజిక్ లాంతరుతో తెరపై చూపుచు ఇంగ్లండున ఊరూర సభలు జరిపిరి. అమెరికాలో నొక శాఖ యేర్పడెను. ఆ దేశపు రచయిత మార్క్ ట్వెయిన్ 1905లో లియోపోల్డును హేళన చేయుచు చిన్న పుస్తకము వ్రాసెను.

రాజు ఊరకుండలేదు. డబ్బిచ్చి పత్రికలచేత తన్ను పొగడించుకొనెను. ‘వీరు లివర్‌పూలు వర్తకుల కిరాయి మనుష్యులు, కాంగో వర్తకముపై వారికి కన్ను’ అని ప్రచారము చేయించెను. ఈ మాటను మనము కొట్టివేయరాదు. సంఘమునకు ధనమిచ్చినవారిలో వర్తకులు నిజముగానే యుండిరి. వారిలో జాన్ హోల్టు పశ్చిమాఫ్రికాలో వ్యాపారము చేయువాడు. పరదేశపు సంఘమును చూచినప్పుడెల్ల దీని సొమ్మెవరిదని యడుగుట న్యాయమే. అయితే ఆ ప్రశ్నతో విచారణ ముగియదు. చెప్పినది నిజమా, కాదా యనునది వేరొక ప్రశ్న. దానికి సమాధానము శత్రువు కచ్చేరిలోనే దొరకినది.

ఒత్తిడికి తాళలేక లియోపోల్డు 1904లో తానే ముగ్గురు న్యాయవేత్తలతో విచారణమండలిని నియమించెను. తనకు గావలసినట్లు వ్రాయుదురని తలచెను. వారు కాంగోకు బోయి వందలకొలది సాక్షులను విచారించిరి. లొంటులు అను నొక యూరిపెద్ద వారి యెదుటికి వచ్చెను. అతనితో నూటపది పుల్లలు కలవు. రబ్బరుకొరకు చంపబడిన తన ప్రజలలో నొక్కొక్కరికి నొక్కొక్క పుల్ల. ఆ పెద్ద పుల్లలను కుప్పలు పెట్టెను: గ్రామప్రముఖులవి, మగవారివి, ఆడువారివి, పిల్లలవి. పిమ్మట నొక్కొక్క పుల్లను చూపుచు నొక్కొక్క పేరు చెప్పెను.

ఆ న్యాయవేత్తలు అబద్ధము వ్రాయలేకపోయిరి. 1905 నవంబరులో వెలువడిన వారి నివేదిక సంఘము చెప్పిన ముఖ్యవిషయములను ధ్రువపరచెను. సాక్షుల వాఙ్మూలములను మాత్రము ప్రకటింపక పెక్కు దశాబ్దములు దాచియుంచిరి.

ఇచట నొక బాధాకరమైన విషయము చెప్పవలెను. దూరమునున్న సంఘమునకు కన్నులు అచ్చటివారే. ఇంగ్లండులోని వారికి చప్పట్లు దొరకినవి. అచ్చటివారు మూల్యము చెల్లించిరి. హెజకాయా షాను అను పశ్చిమాఫ్రికావాడు కాంగోలో వర్తకము చేసికొనుచు, ఛాయాచిత్రములు తీయుచు గౌరవముగా బ్రతుకుచుండెను. అతడు మోరెల్‌నకు కాగితములు పంపుచుండుట బయటపడెను. ప్రభుత్వోద్యోగులెవ్వరును వాని దుకాణము మెట్లెక్కరాదని యాజ్ఞ వచ్చెను. వ్యాపారము చెడిపోయి, 1905లో నతడు ఆత్మహత్య చేసికొనెను. షెపర్డుపై 1909లో రబ్బరు కంపెనీ దావా వేసెను. వాని పక్షమున వాదించుటకు ఎమిల్ వాండర్‌వెల్డె యను బెల్జియము నాయకుడు రుసుము లేకయే సముద్రము దాటి వచ్చి గెలిపించెను. రాజు చేసిన పాపమున కా దేశప్రజలందరిని నిందింపరాదనుటకు ఇదియొక నిదర్శనము.

తుదకు 1908లో లియోపోల్డు కాంగోను బెల్జియము దేశమునకు వదలుకొనవలసివచ్చెను. ఊరక వదలలేదు. కాంగోకొరకు తాను చేసిన త్యాగములకు కృతజ్ఞతగా నని ఐదుకోట్ల ఫ్రాంకులు వ్రాయించుకొనెను! అప్పగింతకు ముందు కాంగో దస్త్రములను దినములతరబడి కొలుములలో కాల్పించెను. మరుసటి సంవత్సరము శిక్ష లేకయే మరణించెను. లక్షలకొలది ప్రజలు కత్తికి, ఆకలికి, రోగమునకు బలియైరి. వారి సరియైన సంఖ్య యెవ్వరును చెప్పలేరు. ఆనాడు జనాభా లెక్కలే లేవు. 1913లో సంఘము తన పని ముగిసినదని తలచి తన్నుతాను రద్దు చేసికొనెను. నిజమునకు పని ముగియలేదు. చేతులు నరకుట మానిరి గాని నిర్బంధపు చాకిరి వేరు పేర్లతో సాగెను. కాంగో 1960 జూన్ 30న స్వతంత్రమయ్యెను. సరిగా నరువదియేండ్లకు, 2020లో, బెల్జియము రాజు ఫిలిప్పు గతమునకు మిక్కిలి విచారించుచున్నానని కాంగో యధ్యక్షునకు లేఖ వ్రాసెను.

ఆ సంఘమువారి లోపమును గూడ చెప్పనిచో నేను సగము పాఠము చెప్పినవాడనగుదును. కాంగోకొరకు కన్నీరు కార్చిన ఆంగ్లేయులలో పెక్కుమంది తమ సామ్రాజ్యపు పెరటిని చూచుకొనలేదు. ఆ సంవత్సరములలోనే మన తెలుగు కూలీలు ఒప్పందపు కాగితములపై వ్రేలిముద్రలు వేసి నేటాలు చెరకు తోటలకు ఓడలలో పోవుచుండిరి. 1911లోగాని యది నిలువలేదు. కేస్‌మెంటు మాత్రము కాంగోను చూచిన కన్నులతోనే తన ఐర్లండును చూచుకొనెను. దాని స్వాతంత్ర్యమునకై పాటుపడగా, 1916లో బ్రిటిషు ప్రభుత్వము వానిని రాజద్రోహిగా నెంచి ఉరిదీసెను. మోరెల్ మొదటి ప్రపంచయుద్ధమును వ్యతిరేకించి, 1917లో కారాగారమున కేగెను. అన్యుల రాజును నిందించినపుడు మెచ్చిన లోకము, తన రాజ్యమును ప్రశ్నించినపుడు సహింపలేదు.

పరదేశమునుండి యొక సంఘము మన దోషము నెత్తి చూపినప్పుడు మనకు కోపము వచ్చుట సహజము. అది చెప్పువాని ఉద్దేశమును విచారింపుడు, తప్పు లేదు. కాని అతడు తెచ్చిన పుల్లలను గూడ లెక్కింపుడు. లివర్‌పూలు గుమాస్తా యెంత శ్రమించినను, లొంటులు వంటి యూరిపెద్ద తనవారి పేర్లను మరువక యుంచినందుననే ఆ సాక్ష్యము నిలిచినది. గ్రామమున నన్యాయము జరిగిన దినమున ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని వ్రాసియుంచువాడొక్కడుండవలెను. ఆ పని పెద్దలది.

నా పాఠశాలలో నా పటము నేటికిని గోడపై నున్నది. మొన్న పోయి పిల్లలకు మరల కాంగో నదిని చూపితిని. పుల్ల నక్కడనే కొంతసేపు నిలిపి, మిగిలిన పాఠమును చెప్పితిని.