తొలి రీబ్రీదర్: ఎంపిక, అమరిక

నీటి అడుగున విడిచిన శ్వాసను బుడగలుగా పోనీయక, దానినే శుద్ధి చేసి మరల పీల్చుకొనే వీలు కల్పించే సాధనమును క్లోజ్డ్ సర్క్యూట్ రీబ్రీదర్ అంటారు. ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ 1878లో ఆక్సిజన్‌తో పనిచేసే ఇటువంటి సాధనమును రూపొందించాడు. 1880లో సెవెర్న్ సొరంగం నీట మునిగినప్పుడు అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ దానిని ధరించియే లోపలికి వెళ్లాడు. వినోదం కోసం డైవింగ్ చేసేవారిలో ఇది విస్తరించినది మాత్రం 1997లో బ్రిటన్‌లో ‘ఇన్‌స్పిరేషన్’ అమ్మకానికి వచ్చిన తరువాతనే.

విడిచిన శ్వాస సోడాలైమ్ గుళికలు నింపిన డబ్బా గుండా పోతుంది. కార్బన్ డయాక్సైడ్ అక్కడ నిలిచిపోతుంది. శరీరం వాడుకొన్న మేరకు ఆక్సిజన్ ఒక చిన్న సిలిండరు నుండి వచ్చి కలుస్తుంది. రెండవ సిలిండరులోని వాయువు (డైల్యుయెంట్), లోతుకు దిగేకొద్దీ కుంచించుకుపోయే శ్వాససంచిని నింపుతుంది. నిమిషానికి ఒక లీటరు ఆక్సిజన్ ఖర్చవుతుందనుకొంటే, 200 బార్ల పీడనంతో నింపిన 3 లీటర్ల సిలిండరు లెక్కకు పది గంటలు రావాలి. సోడాలైమ్ అంతసేపు పనిచేయదు. చాలా యంత్రాలలో దాని గడువు రెండు మూడు గంటలే. చన్నీటిలో ఇంకా తగ్గుతుంది.

పీల్చే ఆక్సిజన్ పాక్షిక పీడనం 0.16 బారుకు దిగితే స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది, 1.6 దాటితే మూర్ఛ రావచ్చు. రెండూ ఏ హెచ్చరికా లేకుండానే సంభవించగలవు. 1998–2010 మధ్య 181 మంది రీబ్రీదర్ డైవర్ల మరణాలను ఒక వైద్య పరిశీలన లెక్కించింది. అందుచేత కొనదలచినవారు అడగవలసిన మొదటి ప్రశ్న యంత్రం ఎంత గొప్పదని కాదు. దానిని నేర్పగల శిక్షకుడు, దాని సెన్సార్లు, విడిభాగాలు తమకు అందుబాటులో ఉన్నాయా అని. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14143 ప్రకారం పరీక్షింపబడినదా అన్నది రెండవ ప్రశ్న.

ఎలక్ట్రానిక్ రకంలో కంప్యూటర్ సెన్సార్ల లెక్క చూసి కవాటం తెరచి ఆక్సిజన్ వదలుతుంది. చేతితో నడిపే రకంలో స్వల్ప ధార నిరంతరం వస్తుంది, తక్కినది డైవర్ మీట నొక్కి కలుపుకొంటాడు. ఏది మేలన్న వాదం ఎన్నటికీ తెగదు. రెండవ రకం అంకెల వంక చూసే అలవాటును బలవంతంగానైనా నేర్పుతుంది; మొదటి రకం, మనసు మరొక పనిలో ఉన్నప్పుడు ఆదుకొంటుంది. ఏది కొన్నా తెరను తరచుగా చూడక తప్పదు.

అమరికలో కొత్తవారు ఎక్కువగా పొరబడేది అత్యవసర వాయువు విషయంలో. 30 మీటర్ల లోతున పీడనం 4 బార్లు. కంగారులో నిమిషానికి 30 లీటర్లు (ఉపరితలపు లెక్కన) పీలుస్తారనుకొందాం. అడుగున తేరుకొనుటకు 2 నిమిషాలకు 240 లీటర్లు, నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి వచ్చుటకు సుమారు 250, 5 మీటర్ల వద్ద 3 నిమిషాల విరామానికి 135, మొత్తం 625. యంత్రంలోని డైల్యుయెంట్ సిలిండరు నిండుగా ఉన్నా 600 లీటర్లే! కనుక సొంత రెగ్యులేటరు గల వేరొక సిలిండరును ప్రక్కన తగిలించుకొని దిగవలెను. కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఆయాసం పట్టినవారు ఇంతకు మించి పీలుస్తారు.

తొలి దశలో 30 మీటర్ల వరకు డైల్యుయెంట్‌గా మామూలు గాలి చాలు. పాక్షిక పీడనమును ఉపరితలం వద్ద 0.7కు, అడుగున 1.2 లేదా 1.3కు పెట్టుకొనుట వాడుక. సెన్సార్లు సాధారణంగా మూడు ఉంటాయి. రెండు ఒకే అంకె చూపినంత మాత్రాన అవే నిజం చెప్పుచున్నాయని నమ్మరాదు. ఒకేసారి కొన్నవి ఒకేసారి ముసలివవుతాయి. 20 మీటర్ల వద్ద వలయమంతటినీ గాలితో కడిగితే 0.63 రావాలి. రానిది అనుమానింపదగినది. స్పృహ తప్పినా నోటి ముక్క జారకుండా పట్టి ఉంచే పట్టీ చవకైన వస్తువు. దానిని మొదటి రోజే బిగించుకొనవలెను.

దిగేముందు ఒడ్డున అయిదు నిమిషాలు యంత్రం నుండి శ్వాసించుట ఆచారం. ఆక్సిజన్ సరఫరా సాగుచున్నదో లేదో అందులో తెలుస్తుంది. సోడాలైమ్ లోపం మాత్రం తప్పక బయటపడుతుందని అనుకోరాదు. పాత యంత్రం కొనేవారు సెన్సార్ల తయారీ తేదీ అడిగి, ఏడాది దాటినవాటిని మార్చే ఖర్చును ధరలో కలిపి చూసుకొనుట మంచిది.