కాహాల్ గీసిన పిరమిడ్లు

1906 నవంబరు 3న జర్మనీలోని ట్యూబింగెన్‌లో మానసిక వైద్యుల సమావేశం జరిగింది. అలోయిస్ ఆల్జీమర్ అనే వైద్యుడు లేచి, మతిమరుపు ముదిరి యాభయ్యో పడిలోనే చనిపోయిన ఒక మహిళ మెదడులో ఏం చూశారో వివరించారు. నాడీకణాల్లో చిక్కుపడిన పోగులు, కణాల మధ్య పేరుకున్న మచ్చలు. సభలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు. ఆరు వారాలు తిరగకముందే స్టాక్‌హోంలో ఇటలీకి చెందిన కమిల్లో గోల్జి, స్పెయిన్‌కు చెందిన సాంటియాగో రామోన్ ఇ కాహాల్ నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఈ రెండు ఘట్టాలకూ 2026తో 120 ఏళ్లు. అక్కడా ఇక్కడా కణాన్ని కంటికి చూపించింది వెండి లవణాలే. ఆ చిక్కుపోగులకు ఎక్కువగా బలయ్యేదీ, కాహాల్ జీవితమంతా గీసినదీ ఒకే కణం: పిరమిడల్ న్యూరాన్.

మన మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోని నాడీకణాల్లో నూటికి 70 నుంచి 80 వరకూ ఇవే. కణదేహం త్రికోణంగా ఉంటుంది. కొస నుంచి ఒక పొడవాటి కొమ్మ మెదడు ఉపరితలం వైపు సాగుతుంది, అడుగు నుంచి పొట్టి కొమ్మలు చుట్టూ పరుచుకుంటాయి, అక్కడి నుంచే సందేశాన్ని మోసుకెళ్లే సన్నని ఆక్సాన్ కిందికి దిగుతుంది. కొన్నిటి ఆక్సాన్ వెన్నుపాము దాకా వెళ్తుంది. మీరు వేలు కదిపితే ఆ ఆజ్ఞ బయల్దేరేది అలాంటి కణాల నుంచే.

ఇంత ముఖ్యమైన కణం మనిషి కంటపడటానికి యుగాలు పట్టింది. ఈజిప్టువాళ్లు మృతదేహాన్ని భద్రపరిచేటప్పుడు గుండెను ఉంచి మెదడును పారేసేవారు. రెండో శతాబ్దిలో గేలెన్, 1543లో వెసాలియస్ మెదడును కోసి చూసినా, కంటికి ఆనింది పైరూపమే. మైక్రోస్కోపు వచ్చాక కూడా మెదడు ముక్కలో కనిపించింది కలగాపులగమే. 1873లో గోల్జి, మిలాన్ దగ్గరి అబియాతెగ్రాసో ఆసుపత్రిలో వంటగదిని ప్రయోగశాల చేసుకుని, పొటాషియం డైక్రోమేట్‌లో నానిన మెదడు ముక్కను సిల్వర్ నైట్రేట్‌లో ముంచారు. కణాల్లో నూటికి ఏ కొద్దో మాత్రమే నల్లబడ్డాయి. కానీ నల్లబడిన కణం కొమ్మలతో సహా పూర్తిగా కనిపించింది. మరుసటేడు కీవ్‌లో వ్లాదిమిర్ బెట్జ్ చలనకేంద్రంలోని భారీ పిరమిడ్ కణాలను వర్ణించారు.

ఇక నాకు ఎన్నిసార్లు చదివినా తనివితీరని భాగం. కాహాల్‌కు చిన్నప్పటి నుంచీ బొమ్మల పిచ్చి. వైద్యుడైన తండ్రికి అది నచ్చలేదు. కొడుకును మంగలి దగ్గర, చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి పెట్టారు. చివరికి పాత శ్మశానంలోని ఎముకలు తెచ్చి, ఇవి గీయమన్నారు. బొమ్మల చెయ్యి అలా శరీరశాస్త్రంలోకి వచ్చింది. 1887లో మాడ్రిడ్‌లో లూయిస్ సిమార్రో ఇంట్లో గోల్జి పద్ధతిలో చేసిన స్లైడు చూశారు. ఆ ఏడాదే ఉద్యోగం బార్సిలోనాకు మారింది.

గోల్జి పద్ధతి ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు మొండికేస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. కాహాల్ రెండు మార్పులు చేశారు. ఒకసారికి బదులు రెండుసార్లు ముంచారు. పెద్ద జంతువుల మెదడు పక్కనపెట్టి పక్షి పిల్లల, పిండాల మెదడు తీసుకున్నారు. వాటిలో ఆక్సాన్‌కు కొవ్వు తొడుగు ఇంకా పట్టదు కాబట్టి వెండి చివరిదాకా ఎక్కుతుంది. 1888లో చూసిన ప్రతి స్లైడులోనూ ఒకటే తేలింది: కణాలు ఒకదానికొకటి అతుక్కుని వలగా లేవు, దేనికది విడిగా ఉంది. అప్పటికి ఐరోపా పండితుల్లో చాలామంది నమ్మింది వల సిద్ధాంతాన్నే. స్పానిష్‌లో రాస్తే చదివేవారు తక్కువైనా సొంత ఖర్చుతో పత్రిక అచ్చువేసి, దాని బొమ్మలు తానే గీసి, విదేశీ పండితులకు పంపారు. 1889లో మైక్రోస్కోపు, స్లైడ్లు పట్టుకుని బెర్లిన్ వెళ్లారు. డెబ్బయ్ దాటిన మహాపండితుడు కొల్లికర్ ఆ స్లైడ్లలోకి చూసి తన పాత అభిప్రాయం వదులుకున్నారు. కాహాల్‌ను చదవడానికి స్పానిష్ నేర్చుకున్నారు. ఆ వయసులో అంత నిజాయితీ చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పిరమిడ్ కణాలను కాహాల్ మనోకణాలన్నారు. కప్ప నుంచి మనిషి దాకా వస్తూంటే వీటి కొమ్మలు ఎలా చిక్కబడతాయో వరుసగా గీసి చూపారు. కొమ్మల మీద చిన్న ముళ్లలాంటివి ఉన్నాయనీ గీశారు. అవి వెండి మరకలని చాలామంది కొట్టిపారేశారు. 1896లో మెథిలీన్ బ్లూ అనే మరో రంగు వేసి, అవి కణంలో భాగమేనని కాహాల్ నిరూపించారు. నోబెల్ అందుకున్నప్పుడు స్టాక్‌హోంలో గోల్జి తన ఉపన్యాసమంతా వల సిద్ధాంతాన్ని సమర్థించడానికే వాడుకున్నారు. మరునాడు కాహాల్ తాను చూసింది చెప్పారు. తీర్పు కోసం 1950ల నాటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావాల్సి వచ్చింది. కణాల మధ్య ఖాళీ, ముళ్ల మీద సందేశం అందుకునే చోటు, రెండూ అందులో కనిపించాయి.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, ఎలుక ఫలానా చోటికి వెళ్తేనే స్పందించే కణాలను జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో పట్టుకున్నారు. అవీ పిరమిడ్ కణాలే. ఏఎల్ఎస్ జబ్బులో బెట్జ్ కణాలు చనిపోయి కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. మెదడుకు కాసేపు ఆక్సిజన్ అందకపోతే ముందుగా పోయేవాటిలో హిప్పోకాంపస్ పిరమిడ్ కణాలుంటాయి. స్కిజోఫ్రీనియాతో మరణించినవారి మెదడులో ముందుభాగపు పిరమిడ్ కణాలపై ముళ్లు తగ్గినట్టు పరిశోధకులు చూశారు. ముళ్లు తగ్గినందుకు జబ్బా, జబ్బు వల్ల ముళ్లు తగ్గాయా అన్నది నేటికీ తేలలేదు.

2002లో బెంగళూరు పరిశోధకులు దీర్ఘకాలం ఒత్తిడికి గురైన ఎలుకల మెదళ్లను చూశారు. హిప్పోకాంపస్‌లో పిరమిడ్ కణాల కొమ్మలు కుదించుకుపోయాయి, భయానికి కేంద్రమైన అమిగ్డలాలో పెరిగాయి. వాళ్లు ఆ కొమ్మలను చూసింది గోల్జి పద్ధతిలోనే. ఆల్జీమర్స్ మచ్చలను తొలగించే మందులు ఇటీవల వచ్చాయి. అవి జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయంతే, చనిపోయిన పిరమిడ్ కణాన్ని తిరిగి తేలేవు. అందుకే ఆ కణాలు చనిపోకముందే, ముళ్లు రాలే దశలోనే జబ్బును పట్టుకోవాలని ప్రయోగశాలలు ఇప్పుడు పెనుగులాడుతున్నాయి.