పారిసు నగరపు నోత్రదాము దేవాలయము: జీర్ణోద్ధరణ విచారము

రోమను కథోలికులు తమ బిషప్పు పీఠమున్న గుడిని కథీడ్ర లందురు. ఈ పదమునకు మూలము ఆసనార్థకమైన గ్రీకు శబ్దము. అందలి ప్రధానాంశము మన ‘సద్’ ధాతువునకు సోదరము. కావున మన ‘సదన’ శబ్దమునకును దీనికిని చుట్టఱికము కలదు. పారిసులో సేన్ నదీద్వీపముమీఁద నున్న నోత్రదా మట్టిది. ‘మా దొరసాని’ యని మేరీమాత నుద్దేశించి పెట్టిన పేరది. మోరీసు ద సల్లి యను బిషప్పు కాలమున, 1163 ప్రాంతమున, దీని పని మొదలయ్యెను.

దీని పొడవు దాదాపు 128 మీటరులు. ఱాతికప్పు నేలనుండి యించుమించు 33 మీటరుల యెత్తు. అట్టి కప్పు గోడలను వెలుపలికిఁ ద్రోయును. ఆ త్రోపు నాఁపుటకు శిల్పులు బయట దూరముగా స్తంభములు నిలిపి, వానినుండి గోడల కూఁతగా నర్ధకమానులు సాఁచిరి. గోడకు భారము తగ్గఁగా పెద్ద గాజుకిటికీలకుఁ జోటు దొరకెను. ఉత్తరపు వృత్తగవాక్షమున 13వ శతాబ్దపు గాజు చాలవఱకు నేఁటికిని నిలిచియున్నది.

పడమటి ముఖమున 28 రాజవిగ్రహము లుండెను. అవి బైబిలులోని యూదా రాజులవి. 1793లో విప్లవకారులు వీరు ఫ్రాన్సు రాజులని భ్రమించి తలలు కొట్టించిరి. అర్థనిర్ణయములోని పొరపా టెంతదూరము పోవునో చూడుఁడు! వానిలో 21 తలలు 1977లో భూమినుండి బయల్పడెను.

1831 నాఁటి విక్టరు హ్యూగో నవల జనుల దృష్టిని జీర్ణమైయున్న యీ గుడిపైఁ ద్రిప్పెను. తరువాత నుద్ధరణభారము వహించిన వియొలె ల దుక్, 18వ శతాబ్దాంతమునఁ దొలఁగింపఁబడిన పాతశిఖరమునకు బదులు, 1859లో 96 మీటరుల క్రొత్తశిఖరము నెత్తించెను. దాని పాదమున నిలిపిన రాగివిగ్రహములలో తోమాసు ముఖమునుమాత్రము తనదిగాఁ జేయించి, తన శిఖరమును దానే తలయెత్తి చూచునట్లు నిలిపెను. ఈ చాపల్యమును క్షమింపవచ్చును.

2019 ఏప్రిలు 15 సాయంకాలమున నిప్పంటుకొని, ఓకుదూలముల కప్పు దగ్ధమై, శిఖరము కూలి, ఱాతికప్పును గొన్నిచోట్ల భేదించెను. ఆ 16 రాగివిగ్రహములు మఱమ్మతుకై నాలుగు దినములముందే దింపఁబడుటచేఁ దప్పించుకొనెను.

అంతట వివాదము పుట్టెను. కూలిన శిఖరము ప్రాచీనము కాదు. 19వ శతాబ్దపు కల్పనను మరలఁ గల్పింపనేల యని నవ్యవాదులు. ఈ హేతువు తేలికగాఁ ద్రోయరానిది. అయినను ఆదేశము స్థానివలె నగునని వైయాకరణులము చెప్పుచుందుము గదా. వియొలె శిఖరము పూర్వశిఖరమున కాదేశము. 160 ఏండ్లు నగరజనుల కన్నుల కదియే శిఖరము. దాని చోట వచ్చినదియు నా పనియే చేయును. కాని వర్ణము నాశ్రయించిన కార్యములయం దీ న్యాయము చెల్లదు. ఇక్కడ దారువే వర్ణము. క్రొత్త యోకుమ్రానుపై నిలిచి 13వ శతాబ్దపు వడ్రంగమును గూర్చి సాక్ష్యము చెప్పింపరాదు.

2020 జూలైలో యథాపూర్వముగా నుద్ధరింప నిశ్చయించిరి. దాదాపు 2000 ఓకుచెట్లు పట్టినవి. ప్రాచీనపు కప్పుదూలములకు బదులుగా వేసినవానిని పూర్వులవలె గొడ్డండ్లతోఁ జెక్కిరి. 2024 డిసెంబరు 7న తలుపులు మరలఁ దెఱవఁబడెను. లోపలి గోడల మసి కడుగుటచే ఱాయి తెల్లగాఁ గానవచ్చుచున్నది.