పెళ్ళికొడుకు రక్తపిశాచి

రక్తపిశాచిని ప్రేమించే నాయికల నవలలు అమ్మాయిలు చదువుతుంటే, "ఇదేం చోద్యమమ్మా!" అంటాం గదా. ఆ వరుడి పుట్టుపూర్వోత్తరాలు వినండి.

1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున, వానలకు ఇల్లు కదల్లేక, తలా ఒక దయ్యంకథ రాద్దామన్నాడు కవి బైరన్. పద్దెనిమిదేళ్ళ మేరీకి 'ఫ్రాంకెన్‌స్టయిన్' అక్కడే తట్టింది. బైరన్ వదిలేసిన కథముక్కను పట్టుకుని ఆయన వైద్యుడు పోలిడోరి 'ది వాంపైర్' రాశాడు. 1819లో అచ్చయింది, అదీ బైరన్ పేరుమీద! పాపం పోలిడోరి.

పల్లెజనం చెప్పుకునే పీనుగుకి ఆయన ప్రభువు వేషం కట్టాడు: లార్డ్ రూత్‌వెన్. గ్రీసులో అయాంతి అనే పిల్ల ఈ పిశాచాల సంగతి చెబితే ఆబ్రీ నవ్వేశాడు. ఆ పిల్లే బలైపోయింది. తర్వాత రూత్‌వెన్ చావబోతూ, తన సంగతి ఏడాదిమీద ఒకరోజు ఎవరికీ చెప్పనని ఆబ్రీచేత ఒట్టు వేయించుకున్నాడు. చచ్చినవాడు లండన్‌లో ప్రత్యక్షమై ఆబ్రీ చెల్లెలినే పెళ్ళాడాడు! గడువు తీరి అన్నగారు నోరు విప్పేసరికి ఆమె శవమైంది. మగవాళ్ళ ఒట్టు ఖరీదు ఆడపిల్ల ప్రాణం. కథలో ఆ పిల్లకి పేరైనా లేదు, ఉత్త 'మిస్ ఆబ్రీ'.

2005లో స్టెఫెనీ మేయర్ రాసిన 'ట్వైలైట్'లో కథ చెప్పేదే అమ్మాయి, బెల్లా. 2008 నాటి నాలుగో నవలలో ఆ పిశాచాన్నే పెళ్ళాడుతుంది. నాకు పెళ్ళికొడుకు నచ్చలేదు లెండి. అయినా వాడెవరో పెళ్ళికి చాలాముందే ఆమె కనిపెట్టింది.